పాటకు చోటిచ్చినవాళ్లు

వేదిక మీద వెలిగినవాళ్ల పేర్లు లోకానికి తెలుసు. ఆ వేదికకు అద్దె కట్టినవాళ్ల కథలివి.

బ్రిటన్‌లో పీటర్ హుక్ అని ఒక బేస్ గిటార్ కళాకారుడు. జాయ్ డివిజన్, న్యూ ఆర్డర్ అనే రెండు పేరుమోసిన బృందాల్లో వాయించాడు. 2009లో ఆయన ఒక పుస్తకం తెచ్చాడు. మాంచెస్టర్‌లో తామంతా కలిసి పదిహేనేళ్లు నడిపిన ‘హాసియెండా’ నైట్‌క్లబ్బు జ్ఞాపకాలవి. పుస్తకం పేరులోనే ‘క్లబ్బును ఎలా నడపకూడదు’ అని పెట్టుకున్నాడు. వ్యాపారంలో చేతులు కాల్చుకున్నవాళ్లు మామూలుగా ఆ ఊసు ఎత్తరు. హుక్ అలా కాదు. ఎక్కడ ఎంత పోయిందో, పోతూ ఉంటే తామంతా ఎలా చూస్తూ కూర్చున్నారో నవ్వుకుంటూ చెబుతాడు. ఆయన లెక్క ప్రకారం ఆ క్లబ్బు మింగేసింది 1.8 కోట్ల పౌండ్ల దాకా.

అంత సొమ్ము పోగొట్టిన క్లబ్బు పేరెత్తితే మాంచెస్టర్‌వాళ్లు ఇప్పటికీ పొంగిపోతారు. అక్కడే ఉంది తమాషా. ఇంగ్లండ్‌లో ఒక తరం డ్యాన్స్ సంగీతం రూపు దిద్దుకున్న చోట్లలో అదొకటి. న్యూయార్క్‌లో పంక్ రాక్ పుట్టిన చోటూ ఇలాంటిదే, జాజ్‌లో చిరకాలం నిలిచిన రికార్డింగులు జరిగిన చోటూ ఇలాంటిదే. అన్నీ ఎవరో కొద్దిమంది సొంత పూచీ మీద నడిపినవి. వెనక పెద్ద కంపెనీ లేదు, సర్కారు సొమ్ము లేదు.

నైట్‌క్లబ్బు అనగానే మనకు పాత సినిమాలే గుర్తొస్తాయి. జ్యోతిలక్ష్మి పాట, విలన్ చేతిలో గ్లాసు, వెనక మెట్ల మీద నుంచి దిగే హీరో. మనం చెప్పుకోబోయే క్లబ్బుల్లో అంత సొగసు లేదు. ఒకటి నేలమాళిగ, ఒకటి పాత బార్, ఒకటి పడవలు అమ్మిన షోరూమ్.

పిల్లికి కూడా నంబరు

హాసియెండా తలుపులు తెరుచుకున్నది 1982 మే 21న. డబ్బు పెట్టింది ఫ్యాక్టరీ రికార్డ్స్ అనే చిన్న సంగీత సంస్థ, దానికి పాటలిచ్చే న్యూ ఆర్డర్ బృందం. ఆ సంస్థ పెద్దలు టోనీ విల్సన్, అలన్ ఎరాస్మస్. న్యూ ఆర్డర్ మేనేజరు రాబ్ గ్రెటన్ వాళ్ల భాగస్వామి. విల్సన్ టీవీలో వార్తలు చదివే మనిషి. తమ ఊరికి న్యూయార్క్ తరహా క్లబ్బు ఉండాలన్నది వాళ్ల ముచ్చట. విట్‌వర్త్ స్ట్రీట్‌లో పడవల షోరూమ్‌గా వాడిన భవనం దొరికింది. బెన్ కెల్లీ అనే డిజైనరు లోపల స్తంభాలకు పసుపు, నలుపు చారలు వేశాడు. ఫ్యాక్టరీల్లో ప్రమాద సూచికలుగా వేసే చారలే. అవే తర్వాత క్లబ్బుకు గుర్తుగా మిగిలాయి.

ఫ్యాక్టరీవాళ్లకు ఒక పిచ్చి ఉండేది. తాము చేసే ప్రతిదానికీ నంబరు ఇచ్చేవారు. రికార్డుకు నంబరు, పోస్టరుకు నంబరు. క్లబ్బు నంబరు 51. క్లబ్బులో తిరిగే పిల్లి నంబరు 191. 2007లో విల్సన్ పోయినప్పుడు ఆయన శవపేటికకూ 501 అని నంబరు పడింది. ఇంత శ్రద్ధగా అన్నిటికీ అంకెలు వేసినవాళ్లు జమాఖర్చుల పుస్తకంలో అంకెలు చూడటం మరిచిపోయారు. నాకైతే హుక్ పుస్తకం మొత్తానికి ఇదే సారం అనిపిస్తుంది.

మొదటి రోజు బెర్నార్డ్ మానింగ్ అనే హాస్యగాణ్ని పిలిచారు. మైకు సరిగా పనిచేయలేదు, ఆయన జోకులు ఎవరికీ వినపడలేదు. ఆయన పారితోషికం కూడా వద్దని వెళ్లిపోయాడట. శుభమా అని మొదలుపెట్టిన నాడే అలా అయ్యాక మొదటి కొన్నేళ్లు హాలు సగం కూడా నిండలేదు. 1984 జనవరిలో ఒక టీవీ కార్యక్రమం కోసం అమెరికా నుంచి ఒక అమ్మాయి వచ్చి ఆ వేదిక మీద ఆడిపాడింది. అప్పటికి ఆమె పేరు అక్కడ ఎవరికీ పెద్దగా తెలియదు. పేరు మడోనా.

మరి ఖర్చులు ఎలా గడిచాయి? న్యూ ఆర్డర్ పాటల మీద గడిచాయి. 1983లో వాళ్ల ‘బ్లూ మండే’ రికార్డు వేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. దాని అట్టను కంప్యూటర్ ఫ్లాపీ ఆకారంలో రంధ్రాలు కోసి తయారుచేయించారు. ఆ అట్టకు అయ్యే ఖర్చు వల్ల మొదట్లో ఒక్కో కాపీ మీద ఎదురు నష్టం వచ్చేదని వాళ్లే చెప్పుకునేవారు. వచ్చిన మిగతా డబ్బు క్లబ్బులోకి పోయింది. లోకమంతా తమ పాటలకు ఊగుతుంటే ఆ పాటలు కట్టినవాళ్లు జీతగాళ్లలా చిన్న మొత్తాలు తీసుకుంటూ బతికారు. పేరు వాళ్లది, అప్పూ వాళ్లదే.

1988 ప్రాంతంలో రోజులు తిరిగాయి. మైక్ పికరింగ్, గ్రేమ్ పార్క్ లాంటి డీజేలు అమెరికా నుంచి వచ్చిన హౌస్ అనే డ్యాన్స్ సంగీతం వేయడం మొదలుపెట్టారు. బయట జనం వరసలు కట్టారు. లోపల చెమటతో గోడలు తడిసేవి. ఇక కష్టాలు గట్టెక్కినట్టే అనుకోవాలి కదా! కాలేదు. నైట్‌క్లబ్బు బతికేది పాట మీద కాదు, బార్ మీద. టికెట్ డబ్బులో పెద్ద వాటా వాయించేవాళ్లకు పోతుంది. యజమానికి మిగిలేది బీరు మీద వచ్చే లాభం. ఆ రోజుల్లో అక్కడికి వచ్చే కుర్రకారు ఎక్స్‌టసీ అనే మాదకద్రవ్యం మింగి వచ్చేవారు. అది మింగినవాడికి బీరు అక్కర్లేదు, మంచినీళ్లు చాలు. హాలు కిటకిటలాడుతోంది, గల్లాపెట్టె బోసిగా ఉంది. జనం లేనప్పుడూ నష్టమే, జనం వచ్చినా నష్టమే.

మత్తు వెంట దాన్ని అమ్మేవాళ్లు వచ్చారు, వాళ్ల వెంట తుపాకులు వచ్చాయి. 1989లో పదహారేళ్ల అమ్మాయి ఒకతె ఆ మాత్ర వేసుకుని ప్రాణం పోగొట్టుకుంది. పోలీసులు లైసెన్సు రద్దు చేయాలన్నారు. 1991 మొదట్లో కొన్ని నెలలు తమంతట తామే మూసి మళ్లీ తెరిచారు. 1992లో ఫ్యాక్టరీ సంస్థ దివాలా తీసింది. 1997 జూన్‌లో క్లబ్బు శాశ్వతంగా మూతపడింది. 2002లో భవనాన్ని కూల్చి అపార్ట్‌మెంట్లు కట్టారు. వాటికి పెట్టిన పేరు ‘హాసియెండా’. క్లబ్బుగా ఉన్నన్నాళ్లూ రూపాయి మిగల్చని పేరు ఫ్లాట్లు అమ్మడానికి పనికొచ్చింది. హుక్ మాత్రం డ్యాన్స్ ఫ్లోర్ చెక్కతో బేస్ గిటార్లు చేయించుకున్నాడు. పెట్టుబడిలో ఆయనకు తిరిగి దక్కింది ఆ చెక్కే అనాలేమో.

మన దగ్గర పౌరాణిక నాటకాలు ఊరూరా ఆడే రోజుల్లో కంట్రాక్టరు అని ఒకడు ఉండేవాడు. కృష్ణుడు వేషగాడికి బయానా ఇచ్చేది అతనే, హార్మోనిస్టుకు బండి కట్టించేది అతనే, వాన కురిసి ఆట ఆగిపోతే టికెట్ డబ్బులు వాపసు ఇచ్చేదీ అతనే. పద్యానికి వన్స్‌మోర్ కొట్టించుకున్న నటుల పేర్లు ఈనాటికీ చెప్పుకుంటాం. ఆ కంట్రాక్టర్ల పేర్లు ఎవరికి గుర్తున్నాయి? పడమటి దేశాల్లో అలాంటి కంట్రాక్టర్లలో కొందరు తమ కథ తామే రాసిపెట్టుకున్నారు. మనకు ఆ మేలు జరగలేదు.

సొంత పాట అయితేనే రండి

న్యూజెర్సీలో హైట్స్‌టౌన్ అనే చిన్న ఊరు ఉంది. మనవాళ్లు ఇప్పుడు గుంపులుగా స్థిరపడిన ఎడిసన్‌కు, ప్రిన్స్‌టన్‌కు దగ్గర్లోనే. అక్కడి పొలాల్లో పెరిగిన హిల్లీ క్రిస్టల్ గాయకుడు కావాలని న్యూయార్క్ చేరాడు. రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో బృందగానాల్లో పాడాడు. ఒక జాజ్ క్లబ్బులో మేనేజరుగా చేశాడు. చివరికి బావరీ వీధిలో 315వ నంబరు భవనంలో సొంత బార్ పెట్టాడు. ఆ వీధి అప్పట్లో తాగుబోతులకు, దిక్కులేనివాళ్లకు పేరు. బార్ పైన ఉన్నది కొద్ది పైసలకు రాత్రి తలదాచుకునే సత్రం. మంచి కుటుంబాలవాళ్లు పగలు కూడా ఆ దారిన పోయేవారు కాదు. అందుకే అద్దె తక్కువ.

1973 డిసెంబరులో బార్ పేరు మార్చి ‘సీబీజీబీ’ అని పెట్టాడు. కంట్రీ, బ్లూగ్రాస్, బ్లూస్ అనే మూడు పల్లె బాణీల పొడి అక్షరాలవి. ఆ మూడింటిలో ఏదీ అక్కడ నిలవలేదు. కొన్ని నెలల తర్వాత క్రిస్టల్ బయట నిచ్చెన ఎక్కి గుడ్డ పందిరి సరిచేసుకుంటుంటే కుర్రాళ్లు కొందరు వచ్చి ఇక్కడ ఏం వాయిస్తారని అడిగారు. పేరులో ఉన్నవి చెప్పాడు. మేమూ అవే వాయిస్తాం అన్నారు వాళ్లు. పచ్చి అబద్ధం. వాళ్ల బృందం పేరు టెలివిజన్. 1974 మార్చి 31న ఆదివారం రాత్రి వాయించారు. టికెట్ ఒక డాలరు. జనం అంతంతమాత్రం, తాగింది ఇంకా తక్కువ. వాళ్ల వాయింపు ఘోరంగా ఉందని క్రిస్టల్ తర్వాత తన జ్ఞాపకాల్లో మొహమాటం లేకుండా రాశాడు. మళ్లీ అవకాశం ఇవ్వమని వాళ్ల మేనేజరు బతిమాలాడు. ఈసారి తోడుగా ఇంకో బృందాన్ని తెస్తానన్నాడు. ఆ రెండో బృందం మొదటిదానికన్నా అధ్వానంగా ఉందట! వాళ్లే రమోన్స్. పంక్ రాక్ అన్నదానికి ఆద్యులుగా ఇవాళ ప్రపంచం మొక్కే రమోన్స్.

నచ్చకపోయినా క్రిస్టల్ వాళ్లను వెళ్లగొట్టలేదు. ఆయన గొప్పదనం అంతా ఈ ఒక్క ముక్కలో ఉంది. చెవికి ఇంపుగా లేనిదాన్ని కూడా వారం వారం భరించాడు. ఆయన పెట్టిన షరతులు రెండే: మీ సామాను మీరే మోసుకోండి, సొంత పాటలే పాడండి. ఇంకొకరి హిట్ పాటలు పాడితే రాయల్టీ కట్టాలి, ఆ బాధ తప్పుతుందన్న లెక్క కూడా ఇందులో ఉందంటారు. లెక్క ఏదైనా ఫలితం చూడండి. సొంత పాట ఉన్నవాడికి న్యూయార్క్‌లో వేరే గతి లేని రోజుల్లో అందరూ అక్కడికే చేరారు. 1975 మొదట్లో గాయని ప్యాటీ స్మిత్ వారాల తరబడి పాడింది. బ్లాండీ బృందం పాడింది. అదే ఏడాది జూన్‌లో టాకింగ్ హెడ్స్ తొలిసారి వేదిక ఎక్కారు. రికార్డింగ్ ఒప్పందం లేని బృందాలతో ఆ వేసవిలో క్రిస్టల్ ఒక ఉత్సవమే చేశాడు. పత్రికలవాళ్లు వచ్చారు, వెనకే రికార్డు కంపెనీలవాళ్లూ వచ్చారు. ప్రవేశ రుసుము బృందానికి, బార్ ఆదాయం ఇంటికి. ఈ పద్ధతిని ఆయన చాలా ఏళ్లు నడిపాడు.

లోపల ఎలా ఉండేదంటే, రైలు పెట్టెలా పొడుగ్గా, ఇరుకుగా. గోడల మీద పోస్టరు మీద పోస్టరు, దాని మీద రాతలు, రాతల మీద స్టిక్కర్లు. క్రిస్టల్ పెంపుడు కుక్క ఎక్కడపడితే అక్కడ ఖరాబు చేసేది. మరుగుదొడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు, తలుపులు కూడా సరిగా ఉండేవి కావు. ఆ మరుగుదొడ్డినే 2013లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంవాళ్లు పంక్ దుస్తుల ప్రదర్శన కోసం ఉన్నది ఉన్నట్టు నమూనా కట్టి పెట్టారు. జనం టికెట్ కొని చూశారు. అయితే ఒక విషయంలో క్రిస్టల్ ఎక్కడా పిసినారితనం చూపలేదు. సౌండ్ సిస్టమ్ మీద బాగా ఖర్చు పెట్టాడు. ఊళ్లో అంత స్పష్టంగా వినిపించే చోట్లు తక్కువని వాయించినవాళ్లే చెప్పారు. నేల తుడిపించకపోయినా మైకు బాగుచేయించేవాడు.

చివరికి ఆ క్లబ్బునూ అద్దే మింగింది. భవనాన్ని లీజుకు తీసుకుని క్లబ్బుకు కింది అద్దెకు ఇచ్చింది ఎవరో భూబకాసురుడు కాదు, ఇళ్లులేనివాళ్లకు ఆసరా ఇచ్చే ఒక స్వచ్ఛంద సంస్థ. నెలకు సుమారు 19,000 డాలర్ల అద్దె దగ్గర, పెంచిన అద్దె బకాయిల దగ్గర పేచీ వచ్చింది. 2005లో కోర్టులో క్రిస్టల్‌దే పైచేయి అయింది గానీ లీజు గడువు ముగిసింది, కొత్త లీజు కుదరలేదు. ఇందులో దుర్మార్గుడు ఎవరని వెతికితే దొరకడు. ఒకవైపు పేదవాడికి మంచం, ఇంకోవైపు పేద గాయకుడికి వేదిక. వీధికి విలువ పెరిగాక రెండూ ఒకే కప్పు కింద ఇమడలేదు. ఆ వీధికి జనాన్ని అలవాటు చేసినవాళ్లలో క్రిస్టల్ కూడా ఒకడు కావడం ఇంకో సంగతి. 2006 అక్టోబరు 15న ప్యాటీ స్మిత్ చివరి కచేరీ చేసింది. మరుసటి ఏడాది ఆగస్టులో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో క్రిస్టల్ పోయాడు. క్లబ్బు ఉన్నచోట ఖరీదైన మగవాళ్ల బట్టల దుకాణం వచ్చింది.

రెండు మరుగుదొడ్లు, రెండు ద్వారాలు

క్రిస్టల్ కుర్రవాడిగా మేనేజరు పని నేర్చుకున్న జాజ్ క్లబ్బు పేరు విలేజ్ వ్యాన్‌గార్డ్. శిష్యుడి క్లబ్బు పోయింది, గురువుగారి క్లబ్బు ఇంకా ఉంది. 1935 నుంచి అదే చోట. సెవెంత్ అవెన్యూ సౌత్‌లో 178వ నంబరు.

స్థాపకుడు మ్యాక్స్ గోర్డన్ ఇప్పటి బెలారస్, లిథువేనియా సరిహద్దుల్లోని ఊరి నుంచి పసితనంలో వలస వచ్చిన యూదుడు. లా చదవడానికి న్యూయార్క్ వచ్చి మానేశాడు. 1934లో మొదట పెట్టిన చోట కవులు కవిత్వం చదివేవారు. దానికి క్యాబరే లైసెన్సు, అంటే క్లబ్బులో ఆటపాటలు పెట్టుకునే అనుమతి, ఇవ్వలేదు. లైసెన్సు కావాలంటే రెండు మరుగుదొడ్లు, రెండు ద్వారాలు ఉండాలి, గుడికీ బడికీ 200 అడుగుల దూరంలో ఉండాలి, అద్దె మాత్రం నెలకు 100 డాలర్ల లోపే ఉండాలి అని లెక్క వేసుకుని వెతికానని ఆయన తన జ్ఞాపకాల్లో రాశాడు. సంగీతం గురించి ఆ జాబితాలో ఒక్క మాట లేదు. తొంభై ఏళ్లు నిలిచిన క్లబ్బు అలా మొదలైంది, నాకు ఇందులో ఆశ్చర్యమేమీ కనిపించదు.

మెట్లు దిగి వెళ్తే త్రికోణంగా ఉండే నేలమాళిగ. పట్టేది 123 మంది. మొదట కవిత్వం, హాస్యం, జానపదాలు నడిచాయి. 1957 నుంచి పూర్తిగా జాజ్. ఆ ఏడాది శాక్సోఫోన్ వాద్యకారుడు సోనీ రోలిన్స్ అక్కడ రికార్డు చేశాడు. 1961 జూన్ 25 ఆదివారం పియానో వాద్యకారుడు బిల్ ఎవాన్స్ తన ఇద్దరు సహచరులతో పగలూ రాత్రీ కలిపి అయిదు విడతలు వాయించాడు. ఆ రికార్డు వింటే వెనకాల గ్లాసులు తగిలే చప్పుడు, ఎవరో నవ్వుకోవడం వినిపిస్తాయి. చరిత్ర జరుగుతోందని ఆ గదిలో ఎవరికీ తెలియదు. బేస్ వాయించిన స్కాట్ లఫారో జూలై 6న కారు ప్రమాదంలో చనిపోయాడు. అదే ఏడాది నవంబరులో శాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ అక్కడే రికార్డు చేసిన ఒక రచన పేరు ‘ఇండియా’. రవిశంకర్ సంగీతం అంటే ఆయనకు అంత గురి. కొడుక్కి కూడా రవి అని పేరు పెట్టుకున్నాడు.

గోర్డన్ భార్య లొరేన్ కథ వేరే. 1948 వేసవిలో ఆమె అప్పటి భర్తకు రికార్డు కంపెనీ ఉండేది. థెలోనియస్ మంక్ అనే పియానో వాద్యకారుడి రికార్డులు భుజాన వేసుకుని కొట్టు కొట్టూ తిరిగినా కొనేవాడు లేడు. ఓ సముద్రతీరంలో కనిపించిన మ్యాక్స్ గోర్డన్ దగ్గరకు తనంతట తనే వెళ్లి, ఈయనకు ఒక వారం ఇవ్వండని అడిగింది. ఇచ్చాడు. ఈగలు తోలుకున్నారు. నా వ్యాపారం ముంచడానికి వచ్చావా తల్లీ అన్నంత పని చేశాడు గోర్డన్. తర్వాత ఆమె ఆయన్నే పెళ్లాడింది, మంక్ జాజ్‌లో మహానుభావుడయ్యాడు. 1989 మే నెలలో మ్యాక్స్ పోతే ఆమె క్లబ్బు మూసింది ఒక్క రాత్రే. 2018లో తాను కన్నుమూసే దాకా ఆమే చూసుకుంది. ఇప్పుడు కూతురు చూస్తోంది.

వ్యాన్‌గార్డ్ ఎందుకు నిలిచింది అంటే అదృష్టం కొంత, మొండితనం ఎంతో. పక్క గది కలుపుకుని పెద్దది చేయలేదు. ఊరూరా శాఖలు తెరవలేదు. వంటగదిలో వంట మానేసి కళాకారులు కూర్చోవడానికి ఇచ్చేశారు. సోమవారం జనం రారని 1966లో ఒక పెద్ద ఆర్కెస్ట్రాకు ఆ రాత్రి వదిలేస్తే, అది ఇప్పటికీ సోమవారం సోమవారం వాయిస్తోంది.

చట్టం మాత్రం ఇలాంటివాళ్లకు ఏనాడూ చుట్టం కాలేదు. న్యూయార్క్‌లో ఆ లైసెన్సు అడిగే క్యాబరే చట్టం 1926 నుంచి ఉండేది. 1940 నుంచి 1967 దాకా క్లబ్బులో వాయించేవాడికీ పాడేవాడికీ పోలీసులిచ్చే కార్డు ఉండాలి. గాయని బిల్లీ హాలిడే కార్డు తీసేశారు, మంక్ కార్డు తీసేశారు. వాళ్లకు న్యూయార్క్ క్లబ్బుల్లో పాడే, వాయించే హక్కు లేకుండా పోయింది. వ్యాన్‌గార్డ్ ఉన్న పేటలోనే 1938లో చెప్పుల వ్యాపారం వదిలి వచ్చిన బార్నీ జోసెఫ్సన్ ‘కెఫే సొసైటీ’ అనే క్లబ్బు తెరిచి నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ పక్కపక్కన కూర్చోబెట్టాడు. అప్పట్లో అది సాహసం. నల్లవాళ్లను కొట్టి చంపి చెట్లకు వేలాడదీసే దురాగతాల మీద హాలిడే పాట ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ 1939లో మొదట అక్కడే మార్మోగింది. ఆ పాట పాడేటప్పుడు వెయిటర్లు కదలకూడదు, దీపాలన్నీ ఆర్పేయాలి, పాట అయ్యాక ఆమె మళ్లీ వేదిక మీదకు రాకూడదు. బార్ అమ్మకం ఆపేసి పాట వినిపించిన యజమాని ఆయన. 1940ల చివర కమ్యూనిస్టుల వేటలో ఆయన అన్న పట్టుబడ్డాడు, పత్రికల దాడికి క్లబ్బు మూతపడింది. న్యూయార్క్ ఆ క్యాబరే చట్టాన్ని ఎత్తేసింది 2017లో.

ఈమధ్య కొంత కదలిక వచ్చింది. కరోనా దెబ్బకు తలుపులు మూసుకున్నప్పుడు అమెరికాలో స్వతంత్ర వేదికల యజమానులు మొదటిసారి సంఘం కట్టారు, కేంద్రం నుంచి 1,600 కోట్ల డాలర్లకు పైగా సాయం రాబట్టారు. 2021లో జర్మనీ పార్లమెంటు సంగీత క్లబ్బులు వినోద కేంద్రాలు కావు, నాటకశాలల్లాంటి సాంస్కృతిక సంస్థలు అని తీర్మానించింది. బ్రిటన్‌లో క్లబ్బు పక్కన కొత్తగా ఫ్లాట్లు కట్టేవాడే చప్పుడు రాకుండా జాగ్రత్త పడాలన్న నియమం వచ్చింది. ముందు వచ్చినవాడిది తప్పు కాదని ఒప్పుకోవడానికి ఇంత కాలం పట్టింది.

ఈసారి అమ్మాయి దగ్గరకో అబ్బాయి దగ్గరకో న్యూజెర్సీ వెళ్తే, స్వేచ్ఛా ప్రతిమ, టైమ్స్ స్క్వేర్ చూశాక ఒక సాయంత్రం మిగుల్చుకోండి. వ్యాన్‌గార్డ్‌లో రాత్రి ఎనిమిదికి ఒక ఆట, పదికి ఒక ఆట. టికెట్ ముందే కొనండి. పాట సాగుతున్నంతసేపూ ఫోన్ తీయకండి, వాళ్లు ఊరుకోరు. మనిషికి కనీసం ఒక పానీయం తీసుకోవాలని నియమం. మందు అలవాటు లేకపోతే సోడా తీసుకోండి, డబ్బు దండగ అనుకోకండి. ఆ గది అద్దె కట్టేది ఆ గ్లాసే.